విడిచినదేమి? నిలిచినదేమి?

ఉగాదినాడు తలంటి పోసికొని, పాతబట్ట విడిచి క్రొత్తబట్ట కట్టుకొనుట మన యిండ్లలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఇంత సామాన్యమైన విషయమునే క్రైస్తవ మతము తన ప్రధాన బోధలలో ఒకదానికి ఉపమానముగా గ్రహించినది. ఎఫెసు, కొలొస్సయి పట్టణముల సంఘములకు పౌలు పేరిట వెలువడిన లేఖలలో ప్రాచీన స్వభావమును వస్త్రమువలె విడువవలెననియు, నవీన స్వభావమును ధరింపవలెననియు ఉపదేశము కలదు. రోమీయులకు వ్రాసిన లేఖలోని ఉపమానము ఇంతకంటె కఠినమైనది. బాప్తిస్మము పొందినవాడు క్రీస్తుతో కూడ పాతిపెట్టబడినవాడనియు, ఆయనతో లేచి నూతన జీవితమున నడచుకొనవలెననియు అందు చెప్పబడినది. అనగా విడుచుట బట్ట మార్చుటయే కాదు. ఒక విధమైన మరణము.

క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున యెరూషలేములో బిషప్పుగా నుండిన సిరిలు చేసిన ఉపన్యాసములనుబట్టి, నాటివారు ఈ భావమును ఎట్లు కన్నులకు కట్టునట్లు చేసిరో తెలియుచున్నది. బాప్తిస్మము పొందగోరువాడు మొదట పడమటి దిక్కునకు తిరిగి, చేయి చాచి, సాతానును అతని క్రియలను నిరాకరించెడివాడు. పడమర చీకటికి సంకేతము. పిదప వెలుగునకు సంకేతమైన తూర్పునకు తిరిగి తన విశ్వాసమును ప్రకటించెడివాడు. కట్టుబట్టలు విడిచి, నీటిలో ముమ్మారు మునిగి లేచి, తెల్లని వస్త్రములు ధరించెడివాడు.

కర్మకాండ ఇంత స్పష్టముగా నున్నను, జీవితమునకు వచ్చునప్పటికి ఒక ప్రశ్న తప్పినది కాదు. విడువవలసిన పాత జీవితమనగా నేమి? దుర్గుణములా? దేవతారాధనమా? వేషమా, భాషయా, వృత్తియా? బంధువులా, ఆస్తియా? లేక కులమా? తెలుగునాట క్రైస్తవ మతచరిత్ర చాలవరకు ఈ ప్రశ్నకు దొరికిన సమాధానముల చరిత్రయే. ఆ సమాధానములను కొందరు మతగురువులు చెప్పిరి. కొన్నింటిని న్యాయస్థానములు చెప్పినవి. అన్నిటికంటె దృఢమైన సమాధానమును చెప్పులు కుట్టుకొని బ్రతికిన పేదలు తమ నడవడితో చెప్పిరి.

దక్షిణదేశమున ఈ ప్రశ్నను మొదట తీవ్రముగా లేవనెత్తినవాడు రాబర్టు డి నొబిలి అను ఇటలీ దేశపు జెస్యూటు గురువు. తెలుగు నాయకరాజుల యేలుబడిలోనున్న మధురకు అతడు 1606లో వచ్చెను. అంతకుముందు పోర్చుగీసువారు నడపిన తీరప్రాంతములలో, క్రైస్తవుడగుట యనగా పరంగివాడగుటయే యని జనులు తలంచుచుండిరి. ఇది పొరపాటని నొబిలి వాదించెను. అతడు కాషాయము కట్టెను; మాంసము మానెను; దేశభాషలను, సంస్కృతమును అభ్యసించెను. జందెము, శిఖ, గంధము లౌకిక మర్యాదకు గుర్తులేగాని విగ్రహారాధనకు గుర్తులు కావనియు, క్రైస్తవుడైనవాడు వానిని ఉంచుకొనవచ్చుననియు అతని వాదము. తోటి గురువులే అతనిపై ఫిర్యాదు చేసిరి. తుదకు 1623లో పోపు పదునైదవ గ్రెగరి కొన్ని షరతులతో నొబిలి పద్ధతికి అనుమతి నొసగెను.

ఈ సమాధానమున మేలును గలదు, లోపమును గలదు. కొత్త విశ్వాసము స్వీకరించుటకు స్వదేశమును విడువనక్కరలేదని తేలుట మేలు. కాని జందెము లౌకికమైనచో, జందెము వెనుకనున్న కులభేదమును లౌకికమే యని ఊరకుండుట తటస్థించినది. పిదప మధుర మిషనులో ఉన్నతకులములకు ఒక తరగతి గురువులును, తక్కిన కులములకు పండారస్వాములను వేరొక తరగతి గురువులును ఏర్పడిరి. పాత మతమును విడిచినవారును పాత తారతమ్యమును వెంట తెచ్చుకొనిరి.

భాష విషయమున నొబిలి తలంచినది నిజమని రెండు శతాబ్దముల పిమ్మట తెలుగుదేశపు ఉత్తరపు కొసనుండి ఒక కవి నిరూపించెను. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబమువాడు. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. దానితో అతడు కులమును, కులముతో వచ్చు గౌరవమును కోల్పోయెను. కాని తెలుగును విడువలేదు, రాగమును విడువలేదు, తాళమును విడువలేదు. పల్లవి చరణములతో, దేశీయమైన సంగీత మర్యాదలో అతడు రచించిన కీర్తనలు నూటికి పైబడినవి. అతడు 1890లో మరణించెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున నేటికిని ఆ కీర్తనల తలకట్టుపై రాగతాళముల పేర్లు కనబడును. అక్షరము రాని ముదుసలులు సైతము వానిని కంఠస్థము చేసి పాడుకొనిరి. పాత జీవితమునుండి వెంట తెచ్చుకొన్న పాత్రలోనే కొత్త జీవితపు నీరు నింపబడినది.

కాని కవికి సాధ్యమైనది కుటుంబమునకు సాధ్యపడలేదు. పౌలు చెప్పిన మరణము ఆత్మకు సంబంధించిన మరణము. మన సంఘమున మతము మారినవానికి మరియొక మరణము సిద్ధముగా నుండెను. పతితుడైనవాడు బ్రతికియుండగనే అతనికి ఘటశ్రాద్ధము పెట్టి, కుండను పగులగొట్టి, చచ్చినవానితో సమానముగా చూచు ఆచారము ధర్మశాస్త్రములలోనే కలదు. చచ్చినవానికి భోజన పంక్తిలో స్థానము లేదు. తండ్రి ఆస్తిలో భాగమును లేదు.

ఇచ్చట ప్రభుత్వము ప్రవేశించినది. బెంగాలు రాజధానిలో 1832లో చేసిన ఒక రెగ్యులేషను మతాంతరమువలన ఆస్తిహక్కు పోరాదని మొట్టమొదట సూచించెను. దానిని కంపెనీ రాజ్యమంతటికిని విస్తరింపజేయుచు, డల్హౌసీ గవర్నరు జనరలుగా నుండగా, 1850లో 21వ చట్టము చేయబడినది. ఒకడు తన మతమును విడిచినందువలన గాని, కులమునుండి వెలివేయబడినందువలన గాని, అతని ఆస్తిహక్కును వారసత్వమును హరించు శాస్త్రమైనను ఆచారమైనను న్యాయస్థానములలో చెల్లదని దాని సారాంశము. కలకత్తానుండియు మద్రాసునుండియు హిందువులు దీనికి ప్రతికూలముగా మహజరులు పంపిరి. వారి వాదమును తేలికగా త్రోసివేయుటకు వీలులేదు. పిండము పెట్టువానికే ఆస్తి. పిండము పెట్టనని చెప్పినవానికి ఆస్తియెట్లు వచ్చునని వారడిగిరి. కర్తవ్యమును విడిచి హక్కును మాత్రము ఉంచుకొనుట న్యాయమా యని వారి ప్రశ్న. మనస్సాక్షికి వెల కట్టరాదని ప్రభుత్వపు సమాధానము. ఇంటివారి కుండ పగిలినను, చట్టము దృష్టిలో అతడు చావలేదు.

చట్టము ఆస్తిని కాపాడగలిగెనేగాని కన్నవారి కన్నీటిని తుడువలేకపోయెను. చట్టము వచ్చిన రెండేండ్లకే, 1852లో, బందరులో ఈ సంగతి తేటపడినది. రాబర్టు నోబులు అను ఆంగ్లేయుడు 1843లో అచ్చట స్థాపించిన పాఠశాలలో చదువుచున్న రత్నము, భూషణము అను ఇరువురు యువకులు ఆ యేడు బాప్తిస్మము పొందిరి. వారిలో రత్నము బ్రాహ్మణుడు. బంధువులు తల్లడిల్లిరి, పట్టణము కలవరపడినది, తలిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించిరి. కొడుకు దేవుని వెదకికొనుచున్నానని తలంచెను. తల్లి కొడుకును పోగొట్టుకొంటినని ఏడ్చెను. ఇరువురి మాటయు నిజమే. ఆ యువకులు తరువాతి కాలమున గురువులుగా అభిషిక్తులైరి. కాని ఇందొక వైపరీత్యము గమనింపదగినది. కులము విడిచి క్రీస్తును చేరుడని బోధించిన ఆ పాఠశాలలోనే, పై కులములవారు దూరమగుదురను భయమున, అస్పృశ్యుల పిల్లలకు ప్రవేశము లేకుండెను.

పాత మతము విడిచినవాడు పాత శాస్త్రమును గూడ విడిచినట్లేనా? ఈ చిక్కుప్రశ్న బళ్లారినుండి పుట్టినది. నాడు బళ్లారి మద్రాసు రాజధానిలోనిది. తెలుగును కన్నడమును కలిసిన సీమ. అచ్చట మాథ్యూ అబ్రహాము అను వర్తకుడుండెను. అతని పూర్వులు హిందువులుగా నుండి క్రైస్తవులైనవారు. అతడు 1820లో యూరేషియను స్త్రీయైన షార్లెటు ఫాక్సును వివాహమాడి, వ్యాపారమున గొప్పగా ధనమార్జించి, 1842లో మరణించెను. పిమ్మట అతని సోదరుడు ఫ్రాన్సిసు తాము అవిభక్త కుటుంబీకులమనియు, హిందూధర్మశాస్త్రానుసారము తనకు భాగము కలదనియు వాదించెను. తమ కుటుంబము ఆంగ్లేయుల మర్యాదలనే అవలంబించినదని వితంతువు వాదించెను. దావా బళ్లారిలో మొదలై, మద్రాసు దాటి, లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయి, 1863లో తీర్పు వెలువడినది. మతము మారినవాడు పాత మతముతోపాటు పాత శాస్త్రమును విడువవచ్చును. లేదా మతమును విడిచియు ఆ శాస్త్రమునకే లోబడియుండవచ్చును. అతడేది చేసెనో అతని నడవడియే సాక్ష్యమని న్యాయమూర్తులు చెప్పిరి. వితంతువు పక్షమునకు జయము కలిగెను. విడుచుట యనునది నీటిలో మునిగిన క్షణమున ముగియునది కాదనియు, దినదినపు నడవడిలో తెలియునదనియు లౌకిక న్యాయస్థానమే చెప్పుట విశేషము.

వివాహము విషయమునను ఇట్టి చిక్కే కలిగినది. 1866లో చేసిన చట్టముననుసరించి, క్రైస్తవుడైన కారణమున భార్యగాని భర్తగాని ఆరు మాసములు ఎడబాసియున్నచో మతము మారినవారు న్యాయస్థానమును ఆశ్రయింపవచ్చును. న్యాయాధిపతి ఎడబాసినవారిని విచారించి, ఒక సంవత్సరము గడువిచ్చి, మరల విచారించిన పిదపనే వివాహబంధమును తెంపవలెను. ఆ యేడాది గడువులో చట్టమునకు గల జాలి కొంత కానవచ్చుచున్నది.

ఆస్తియున్నవారి గోడు న్యాయస్థానములకు పోయినది. ఆస్తి లేనివారి కథ ఒంగోలు ప్రాంతమున నడచినది. అమెరికను బాప్టిస్టు మిషను నెల్లూరులో 1840లోనే స్థిరపడినను చాలకాలము ఫలితము స్వల్పము. జాను ఎవరెట్టు క్లౌ 1866లో ఒంగోలునకు వచ్చెను. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో అచ్చటి సంఘము ఏర్పడినది. అతనికంటె ముందే, తాళ్లకొండపాడు వాస్తవ్యుడైన ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద స్వయముగా క్రీస్తుమతమును వెదకుకొనుచు బయలుదేరి యుండెను. తోళ్లవ్యాపారముపై ఊరూర తిరిగిన పేరయ్య అంతకుముందే యోగమార్గమునందు ఒక స్త్రీ గురువువద్ద ఉపదేశము పొందినవాడు. విగ్రహములయెడ విశ్వాసము తొలగి, నిరాకారుడైన దైవమును ధ్యానించుచుండినవాడు. కనుక అతడు విడిచిన పాత జీవితమున అన్వేషణ గూడ నుండెను. దానిని విడువక వెంట తెచ్చుకొనెను. ఏసును అతడు తాను వెదకుచున్న గురువుగా గ్రహించెను.

పేరయ్య మూలమున మాదిగపల్లెలనుండి జనులు రాసాగిరి. ఒంగోలులోని బ్రాహ్మణులు కొందరు అప్పటికి క్లౌ బోధలను ఆసక్తితో వినుచుండిరి. మాదిగవారిని చేర్చుకొన్నచో తాము రామని వారు స్పష్టము చేసిరి. క్లౌ సందిగ్ధమున పడెను. లోకములో నీచులుగా ఎంచబడినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను పౌలు వాక్యము ఒకేనాడు తనకును తన భార్యకును వేరువేరుగా కంటబడెననియు, దానితో నిశ్చయము కలిగెననియు అతడు చెప్పియున్నాడు. వచ్చినవారిని చేర్చుకొనెను; రాకపోయినవారు రాలేదు.

చేరినవారికి అతడు పెట్టిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చదువుటకు ఈ మూడును తేలికగా తోచును. పల్లె బ్రతుకు నెరిగినవారికి వాని బరువు తెలియును. చచ్చిన గొడ్డును ఊరినుండి లాగివేయుట, తోలు ఊనుట, రైతులకు చెప్పులు కుట్టుట, మోటబావులకు తోలు సంచులు సిద్ధపరచుట, జాతరలలో డప్పు వాయించుట మాదిగవారికి వంశానుగతముగా వచ్చిన విధులు. అందుకు ప్రతిఫలము కళ్లమున దొరకు కొలది గింజలు, చచ్చిన గొడ్డు మాంసము. ఆ మాంసము రుచికై తిన్నది కాదు, ఆకలికై తిన్నది. అది మానుట యనగా కూలిలో ఒక భాగమును మానుట. విగ్రహారాధన మానుట యనగా గ్రామదేవత కొలువులో డప్పు కొట్టననుట. ఆదివారము మానుట యనగా కోతలనాడు రెడ్డిగారి కేకకు బదులు పలుకకుండుట. నియమములు మతసంబంధమైనవే, దెబ్బ తగిలినది మాత్రము ఊరి కట్టుబాటునకు. ఊరి పెద్దలు కోపించిరి. కూలి మాన్పించిరి, నీటికి దారి కట్టిరి, కొన్నిచోట్ల దొంగతనములు ఆరోపించి బంధింపజేసిరి. అయినను చేరినవారిలో పెక్కురు వెనుకకు పోలేదు.

వారు విడువని సంగతులును కలవు. చెప్పులు కుట్టుట మానలేదు. తోలుపని చేతినుండి జారవిడువలేదు. పల్లెపెద్దల పంచాయతి అట్లే నిలిచినది. అదియే సంఘపు పెద్దరికముగా మారినది. ఒంటరివానిని పల్లెనుండి ఊడబెరుకుటకంటె, కుటుంబములును పల్లెలును కలిసి వచ్చుట మేలని క్లౌ గ్రహించెను. బందరు యువకుడు ఇంటిని విడిచి రావలసివచ్చెను; ఒంగోలు పేదవాడు ఇంటితో సహా వచ్చెను.

1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని దహించిన క్షామము ఒక పరీక్షయైనది. క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. బోధకులు మేస్త్రీలై త్రవ్వువారి నడుమ తిరిగిరి. బాప్తిస్మమిమ్మని అడిగినవారు అనేకులు. కాని గంజికొరకు మతము మారిరన్న మాట రాకుండునట్లు, క్షామపు పనులు నడచినంతకాలము బాప్తిస్మములు నిలిపివేయబడినవి. పనులు ముగిసి కూలి ఆగిన పిదప జనులు మరల వచ్చిరి. బోధకులు తాము ఎరిగిన గ్రామములవారిని గ్రామమువారీగా కూర్చుండబెట్టి విచారించిరి. ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ ఒడ్డుననున్న వెల్లంపల్లివద్ద 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు నీటిలో నిలిచిరి. ఆ యేడు ముగియునప్పటికి మొత్తము 9,606 అయినది.

ఆకలియే వారిని తెచ్చినదని నాడును అన్నవారు కలరు, నేడును అనువారు కలరు. ఆకలి జ్ఞాపకము వారి మనస్సులలో లేదనుట సత్యము కాజాలదు. మనిషిని మనిషిగా చూచినవానివద్దకు మనుష్యులు పోవుట ఆశ్చర్యము కాదు. కాని కూలి ఆగిన తరువాత, ఊరి కోపమును ఎరిగియు, మూడు నియమములకు ఒప్పుకొని నీటిలో దిగిన జనులను గంజికి అమ్ముడుపోయినవారనుట న్యాయము కాదు.

ఇక కడపటి ప్రశ్న: కులమును విడువగలిగిరా? ఆచరణమున తెలుగు సంఘములలో మాల, మాదిగ భేదము పెండ్లిండ్లయొద్ద నిలిచియే యున్నది. పై కులములనుండి వచ్చినవారు వేరుగా కూర్చున్న చోటులును కలవు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించిన గుఱ్ఱము జాషువ పద్యవిద్యలో మహాకవియై, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి నందెను. ఆయన 1941లో వెలువరించిన 'గబ్బిలము' అస్పృశ్యుని వేదనను శివునికి నివేదించు కావ్యము. తలిదండ్రుల తరమున మతము మారినను, ఆ కవిని ఊరు పాత పేరుతోనే పిలిచినది.

రాజ్యాంగము వచ్చిన పిదప ఈ ప్రశ్న ఫైళ్లకెక్కినది. 1950 ఆగస్టు 10వ తేదీనాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు మూడవ పేరా ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులమువాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ పేరాలో చేర్చిరి. ఆంధ్రప్రదేశములో 1970లో, క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా పరిగణించిరి. 1985లో సర్వోన్నత న్యాయస్థానమున ఒక దావా విచారణకు వచ్చినది. మద్రాసు వీధిప్రక్కన చెప్పులు కుట్టుకొను ఒక క్రైస్తవుడు, తోటి చెప్పులు కుట్టువారికి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చిన చిన్న బంకు తనకును ఇమ్మని అడిగెను. మతము మారిన పిదపను కులబాధలు అంతే తీవ్రముగా నున్నవని రుజువు కావలెనని చెప్పి న్యాయస్థానము అతని విజ్ఞప్తిని త్రోసిపుచ్చెను. అదే ఆరె, అదే తోలు, అదే వీధి. కాగితముమీద మాత్రము అతడు పాత జీవితమును విడిచినవాడు.

ఈ కథనంతను కలిపి చూచినచో ఒక్క సంగతి స్పష్టమగుచున్నది. కొత్త విశ్వాసము భాషను విడువుమనలేదు, వృత్తిని విడువుమనలేదు, తల్లిని విడువుమనలేదు. లోకము మాత్రము వీనిలో కొన్నింటిని బలవంతముగా లాగికొన్నది. కొత్త విశ్వాసము విడువుమని స్పష్టముగా చెప్పినది పుట్టుకచేత ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ అను గర్వమును. అది అందరికంటె ఆలస్యముగా, అందరికంటె కొలదిగా విడువబడినది. గుడి లోపలను, గుడి వెలుపలను. గుండ్లకమ్మ నీటిలో మునిగి లేచిన నిరుపేద తన పాతబట్టను తాను విడిచెను. ఒడ్డున నిలిచి చూచిన సంఘము తన పాతబట్టను ఇంకను విడువవలసియే యున్నది.